అమెరికాలో విడాకుల కాగితాలు: కోర్టు క్లర్క్ దగ్గరా, స్టేట్ ఆఫీసులోనా, ఏది తెప్పించుకోవాలి?

విడాకుల తీర్పు వచ్చిన రోజున ఆ కాగితాల మొహం చూడాలని ఎవరికీ ఉండదు. లాయర్ ఈమెయిల్‌లో పంపిన పీడీఎఫ్ ఇన్‌బాక్స్‌లో ఎక్కడో పడి ఉంటుంది. మూడేళ్లకో ఆరేళ్లకో అవసరం నెత్తి మీదికి వస్తుంది. గ్రీన్‌కార్డు ఫైలింగ్‌లో అడుగుతారు, పాస్‌పోర్టులో ఇంటిపేరు మార్చుకోబోతే అడుగుతారు, మళ్లీ సంబంధం కుదిరితే అవతలివాళ్లు అడుగుతారు. అప్పుడు హడావుడిగా వెతికితే ప్రైవేటు వెబ్‌సైట్లు కార్డు నంబరు అడుగుతాయి, రాష్ట్ర ఆరోగ్యశాఖ ఏదో ఒక లెటర్ ఇస్తానంటుంది, కౌంటీ క్లర్క్ ఆఫీసుకు ఫోన్ చేస్తే 'మా దగ్గర ఉండవు' అంటారు. ఆ టెన్షన్‌లో చాలామంది ముందు కనబడినదానికి డబ్బు కట్టేస్తారు. నెల గడిచాక అది పనికిరాదని తెలుస్తుంది.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఎక్కువమందికి కావలసింది ఒక్కటే: విడాకులు మంజూరు చేసిన కోర్టు క్లర్క్ సీలు వేసి ఇచ్చే డిక్రీ సర్టిఫైడ్ కాపీ. మిగతా కాగితాలకు కూడా వాటి చోటు వాటికుంది. కొన్ని పనులకు అవే మెరుగు కూడా. ఏ పనికి ఏది అన్నదే అసలు సంగతి.

అడుగుతున్నది ఎవరు?

ఏ ఆఫీసుకైనా ఫోన్ చేసేముందు ఈ ప్రశ్నకు జవాబు చూసుకోండి. విడాకులకు సంబంధించి అమెరికాలో మూడు రకాల కాగితాలు తిరుగుతుంటాయి. మొదటిది డిక్రీ, అంటే జడ్జి సంతకం చేసిన పూర్తి తీర్పు. పిల్లలు ఎవరి దగ్గర ఉంటారు, ఇల్లు ఎవరికి, నెలకు ఎంత ఇవ్వాలి, పాత ఇంటిపేరు తిరిగి వాడుకోవచ్చా, అన్నీ అందులోనే ఉంటాయి. కొన్ని రాష్ట్రాల్లో దీన్నే జడ్జిమెంట్ అంటారు. రెండోది సర్టిఫికెట్. రాష్ట్ర ఆరోగ్యశాఖ ఇచ్చే చిన్న పత్రం ఇది. ఇద్దరి పేర్లు, తేదీ, ఊరు తప్ప పెద్దగా ఏమీ ఉండదు. మూడోది వెరిఫికేషన్ లెటర్. ఫలానా తేదీన ఫలానా కౌంటీలో విడాకులు అయినట్టు మా రికార్డులో ఉంది అని చెప్పే ఉత్తరం, అంతే.

ఇమిగ్రేషన్‌కు డిక్రీ పెట్టడమే క్షేమం. ఐ-130 (కుటుంబసభ్యుల కోసం వేసే పిటిషన్) గానీ ఐ-485 (గ్రీన్‌కార్డు దరఖాస్తు) గానీ ఫైల్ చేసేటప్పుడు పాత పెళ్లి చట్టప్రకారం ముగిసిందని చూపాలి. ఫైలింగ్‌తో పాటు మామూలు ఫొటోకాపీ పెట్టినా అమెరికా ఇమిగ్రేషన్ శాఖ యూఎస్‌సీఐఎస్ తీసుకుంటుంది, కానీ ఇంటర్వ్యూ రోజున అసలుది చూపించమంటే చేతిలో సర్టిఫైడ్ కాపీ ఉండాలి. ఇండియాలో ఉన్న భార్యకో భర్తకో ముంబై కాన్సులేట్‌లో ఇమిగ్రెంట్ వీసా ఇంటర్వ్యూ ఉంటే, పాత విడాకుల తాలూకు ఒరిజినల్ గానీ సర్టిఫైడ్ కాపీ గానీ వెంట తీసుకెళ్లాల్సిందే. ఇది అమెరికాలో ఉన్నవాళ్లు ముందే తెప్పించి ఇండియాకు కొరియర్ చేయాల్సిన కాగితం. ఇంటర్వ్యూ తేదీ వచ్చాక మొదలుపెడితే ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు.

అమెరికన్ పాస్‌పోర్టులో పుట్టింటి పేరుకు మారాలనుకునేవాళ్లకు కూడా డిక్రీ సర్టిఫైడ్ కాపీయే కావాలి. పేరు మార్పుకు అనుమతి ఇచ్చిన వాక్యం అందులోనే ఉంటుంది కాబట్టి. స్టేట్ ఇచ్చే చిన్న సర్టిఫికెట్ ఎంత అందంగా ఉన్నా ఈ పనికి సరిపోదు. ఇండియాలో రెండో పెళ్లి రిజిస్టర్ చేయించుకునేటప్పుడు సబ్‌రిజిస్ట్రార్ అడిగేది కూడా డిక్రీనే.

మరి సర్టిఫికెట్, లెటర్ ఎందుకు? విడాకులు అయ్యాయన్న సంగతి మాత్రమే చూపి, లోపలి వివరాలు బయటపెట్టకూడదనుకున్నప్పుడు. లేదంటే ఎప్పుడు, ఏ కౌంటీలో అయ్యాయో మీకే గుర్తు లేనప్పుడు.

ఏ గుమ్మం తట్టాలి

'కౌంటీ క్లర్క్ దగ్గర దొరుకుతుంది' అని అందరూ అంటారు. అది కొన్ని రాష్ట్రాల్లోనే నిజం.

టెక్సాస్‌లో మనవాళ్లు ఎక్కువ, గందరగోళమూ ఎక్కువే. అక్కడ కౌంటీ క్లర్క్ అని ఒకరుంటారు, డిస్ట్రిక్ట్ క్లర్క్ అని ఇంకొకరుంటారు. పెళ్లి లైసెన్సులు, భూమి కాగితాలు కౌంటీ క్లర్క్ చూస్తారు. విడాకుల ఫైళ్లు ఉండేది డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర. జనాభా చాలా తక్కువ ఉన్న కౌంటీల్లో ఇద్దరి పనీ ఒక్కరే చేస్తారు గానీ మనవాళ్లుండే పెద్ద కౌంటీల్లో ఆఫీసులు వేర్వేరు. పెళ్లి లైసెన్సు తీసుకున్న కిటికీ దగ్గరికే విడాకుల కాగితానికి వెళ్లి వెనక్కి వచ్చేవాళ్లు అందుకే అంతమంది.

ఊరి పేరు చూసి కౌంటీ ఇదే అనుకోవద్దు. ఫ్రిస్కో సగం కాలిన్ కౌంటీలో ఉంది, సగం డెంటన్ కౌంటీలో ఉంది. అంటే ఒకే ఊళ్లో ఉండే రెండు కుటుంబాల ఫైళ్లలో ఒకటి మెకిన్నీలో, ఇంకొకటి డెంటన్‌లో ఉండొచ్చు. హ్యూస్టన్ పక్కన కేటీ అయితే హారిస్, ఫోర్ట్ బెండ్, వాలర్ అని మూడు కౌంటీల్లోకి పరుచుకుంది. ఇల్లినాయ్‌లో నేపర్‌విల్‌ది కూడా ఇదే కథ, డుపేజ్, విల్ కౌంటీల మధ్య.

ఇంకో చిక్కుంది. రికార్డు మీరు కాపురమున్న కౌంటీలో కాదు, కేసు వేసిన కౌంటీలో ఉంటుంది. వాషింగ్టన్ రాష్ట్రంలో డావెన్‌పోర్ట్ అనే చిన్న ఊరు కేంద్రంగా లింకన్ కౌంటీ ఉంది. ఇద్దరూ ఒప్పుకున్న విడాకులను పోస్టులోనే పూర్తిచేసుకోవచ్చని ఆ కౌంటీకి పేరు. సియాటిల్ చుట్టుపక్కల ఉంటూ అక్కడ కేసు వేసుకున్నవాళ్లు తరవాత కింగ్ కౌంటీలో వెతికితే ఏం దొరుకుతుంది? పాత కాగితం మొదటి పేజీ పైన కోర్టు పేరు, కేసు నంబరు ఉంటాయి. టెక్సాస్‌లో ఆ నంబరును కాజ్ నంబరు అంటారు, న్యూయార్క్‌లో ఇండెక్స్ నంబరు అంటారు. అది ఒక్కటి దొరికితే సగం పని అయిపోయినట్టే.

న్యూయార్క్‌లో మాత్రం కౌంటీ క్లర్క్ అన్న మాట అక్షరాలా సరిపోతుంది. అక్కడ విడాకులు ఇచ్చేది సుప్రీం కోర్టు. పేరు చూసి హడలిపోకండి, ఆ రాష్ట్రంలో అది కౌంటీ స్థాయి విచారణ కోర్టే. దాని ఫైళ్లకు సంరక్షకుడు ఆ కౌంటీ క్లర్క్. మాన్‌హాటన్ అయితే 60 సెంటర్ స్ట్రీట్‌లోని కోర్టు భవనంలో ఇస్తారు, జడ్జిమెంట్ సర్టిఫైడ్ కాపీకి 8 డాలర్లు. కానీ ఈ రాష్ట్రంలో విడాకుల ఫైళ్లు గోప్యం. నూరేళ్ల దాకా భార్యాభర్తలు, వాళ్ల లాయర్లు తప్ప ఇతరులెవరూ కోర్టు ఉత్తర్వు లేకుండా చూడలేరు. మీ తరఫున అన్నయ్యో స్నేహితురాలో వెళ్లాలంటే మీరు నోటరీ చేయించిన అధికార పత్రం ఉండాలి. 1963 జనవరి 1 తరవాతి విడాకులకు స్టేట్ ఆరోగ్యశాఖ సర్టిఫికెట్ కూడా ఇస్తుంది, పోస్టులో అడిగితే 30 డాలర్లు. పూర్తి తీర్పు 8 డాలర్లకు వస్తుంటే చిన్న పత్రానికి 30 ఎందుకు అనిపించడం సహజం. కౌంటీ ఏదో తెలిసినవాళ్లు తీర్పు తెచ్చుకోవడమే మంచిది.

కాలిఫోర్నియాలో కౌంటీ క్లర్క్‌నూ, రికార్డర్‌నూ అడిగి లాభం లేదు. ఆ కౌంటీ సుపీరియర్ కోర్టుకే వెళ్లాలి. సన్నీవేల్, కూపర్టినో వాళ్లకు శాంటా క్లారా కౌంటీ కోర్టు, ఫ్రీమాంట్ వాళ్లకు ఆలమీడా. విడాకుల తీర్పు సర్టిఫైడ్ కాపీకి 15 డాలర్లు. ఇక్కడ స్టేట్ ఆఫీసు దారి దాదాపు మూసుకుపోయినట్టే: ఆరోగ్యశాఖ దగ్గర ఉన్నవి 1962 నుంచి 1984 జూన్ దాకా అయిన విడాకుల వివరాలు మాత్రమే. ఐటీ ఉద్యోగాలకు వచ్చిన మన తరానికి అందులో ఏమీ దొరకదు. ఈ సంగతి తెలియక అక్కడికి దరఖాస్తు పంపి నెలల తరబడి ఎదురుచూడకండి.

మిగతా రాష్ట్రాలు క్లుప్తంగా. ఫ్లోరిడాలో క్లర్క్ ఆఫ్ ద సర్క్యూట్ కోర్ట్, పేజీకి డాలరు, ధ్రువీకరణకు 2 డాలర్లు. స్టేట్ ఆరోగ్యశాఖ దగ్గర 1927 నుంచీ రికార్డులున్నాయి. ఇల్లినాయ్‌లో సర్క్యూట్ క్లర్క్. జార్జియాలో కౌంటీ సుపీరియర్ కోర్టు క్లర్క్, అంటే కమింగ్‌లో ఉండేవాళ్లకు ఫోర్‌సైత్ కౌంటీ, ఆల్ఫరెట్టా వాళ్లకు ఫుల్టన్. న్యూజెర్సీలో సుపీరియర్ కోర్టు ఫ్యామిలీ విభాగం. ఎడిసన్ వాళ్ల మిడిల్‌సెక్స్ కౌంటీ కోర్టు న్యూ బ్రన్స్‌విక్‌లో ఉంది, పాత ఫైళ్లు ట్రెంటన్‌కు చేరతాయి.

టెక్సాస్‌లో రెండు కాగితాల పోలిక

ఎక్కువమంది పొరబడేది ఇక్కడే కాబట్టి కాస్త నింపాదిగా చూద్దాం. ఆస్టిన్‌లోని రాష్ట్ర ఆరోగ్యశాఖ 1968 నుంచి అయిన విడాకులకు వెరిఫికేషన్ లెటర్ ఇస్తుంది, 20 డాలర్లు. డిక్రీ కాపీ వాళ్లు ఇవ్వరు, వాళ్ల దగ్గర ఉండదు కూడా. ఆ లెటర్ డిక్రీకి బదులు కాదని ఆ శాఖే స్పష్టంగా చెబుతుంది. డిస్ట్రిక్ట్ క్లర్క్ దగ్గర సర్టిఫైడ్ కాపీ మామూలుగా పేజీకి డాలరు లెక్కన పడుతుంది, కొన్ని చోట్ల పైన ధ్రువీకరణ ఫీజు ఉంటుంది. పిల్లలు, ఇల్లు, రిటైర్‌మెంట్ ఖాతాలు ఉన్న డిక్రీ ముప్ఫై నలభై పేజీలు సులువుగా దాటుతుంది. అంటే డబ్బులో లెటరే చవక. అయినా ఇమిగ్రేషన్‌కో పేరు మార్పుకో ఆ 20 డాలర్లు పెట్టడమంటే నీళ్లలో పోసినట్టే.

అయితే లెటర్‌ను తీసిపారేయకండి. అమ్మాయి పెళ్లయిన ఆరు నెలలకే ఇండియా వచ్చేసింది, కేసు అక్కడ ఎవరో నడిపారు, ఏ కౌంటీయో ఎవరికీ తెలియదు. ఇలాంటి కుటుంబాలు మన మధ్య తక్కువేం కాదు. వాళ్లకు ఆ లెటర్ దారి చూపిస్తుంది. తేదీ, కౌంటీ తెలుస్తాయి. తెలిశాక డిస్ట్రిక్ట్ క్లర్క్‌కు రాసి డిక్రీ తెప్పించుకోవచ్చు.

వెతికేటప్పుడు మన పేర్లతో ఒక ఇబ్బంది ఉంది. ఇంటిపేరు ముందా వెనకా అన్నది పాస్‌పోర్టులో ఒకలా, వీసాలో ఒకలా పడుతుంది. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే వీసా మీద మొదటి పేరు చోట 'ఎఫ్‌ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని వచ్చేస్తుంది, కోర్టు రికార్డులోకీ అదే ఎక్కుతుంది. 'లక్ష్మి'కి చివర ఐ పెట్టారో, వై పెట్టారో, రెండు ఇ లు పెట్టారో తెలియదు. అందుకని మీ పేరుతో దొరక్కపోతే అవతలి వ్యక్తి పేరుతో వెతకండి. ఇంటిపేరును, అసలు పేరును తారుమారు చేసి వెతకండి. క్లర్క్‌కు రాసే దరఖాస్తులో కూడా పేరుకు ఉన్న రూపాలన్నీ రాసేయండి. క్లర్కులు చాలామంది ఓపికగా చూస్తారు, కానీ మన పేర్లలో ఇన్ని రూపాలుంటాయని వాళ్లకు మనం చెబితేనే తెలుస్తుంది.

స్వయంగా వెళ్లడమా, పోస్టా, ఆన్‌లైనా

దగ్గర్లో ఉంటే నేరుగా వెళ్లడమే నేను చెప్పే సలహా. ఫోటో ఐడీ, కేసు నంబరు, కార్డు పట్టుకెళితే చాలా కౌంటీల్లో ఆ పూటే ఇచ్చేస్తారు. పైగా కిటికీ దగ్గర నిలబడే, ఇది తుది తీర్పా, మధ్యంతర ఉత్తర్వా అని అడిగి తేల్చుకోవచ్చు. పాత ఫైలు గోడౌన్‌లో ఉంటే రోజులు పడుతుంది, వెళ్లేముందు ఫోన్ చేయండి.

ఆన్‌లైన్ సౌకర్యం కౌంటీని బట్టి మారుతుంది. టెక్సాస్‌లో రీసెర్చ్‌టెక్స్ అనే రాష్ట్రవ్యాప్త పోర్టల్‌లో కేసులు వెతకొచ్చు. హారిస్ కౌంటీ డిస్ట్రిక్ట్ క్లర్క్ ఎలక్ట్రానిక్ సర్టిఫైడ్ కాపీలు కూడా ఇస్తారు. కాలిఫోర్నియాలో కుటుంబ కేసుల కాగితాలను బయటివాళ్లు ఇంటి నుంచి చూడలేరు. కేసు నంబరు, జరిగిన చర్యల జాబితా వరకే కనిపిస్తాయి, పత్రాలు చూడాలంటే కోర్టులోని కంప్యూటర్ దగ్గరికి వెళ్లాలి. ఫెడరల్ కోర్టుల పేసర్ సైటులో విడాకుల కేసులు ఉండవు, అక్కడ ఖాతా తెరిచి సమయం పోగొట్టుకోకండి.

ఇక ప్రైవేటు సైట్లు. వైటల్‌చెక్ ఒక్కటి వేరు, చాలా రాష్ట్రాల ఆరోగ్యశాఖలు దానికి అధికారికంగా పని అప్పగించాయి. కానీ దాని ద్వారా వచ్చేది స్టేట్ సర్టిఫికెటో లెటరో, డిక్రీ కాదు, పైన సర్వీసు ఛార్జీ అదనం. మిగతా 'రికార్డ్ సెర్చ్' సైట్లు ఇచ్చేది ఎక్కడెక్కడి డేటానో పోగుచేసిన రిపోర్టు. దానికి సీలు ఉండదు, ఏ ఆఫీసూ ఒప్పుకోదు. మీ పేరు, పుట్టినరోజు, కార్డు నంబరు వాళ్ల చేతిలో పెట్టడం తప్ప మీకు ఒరిగేది లేదు. వెబ్ అడ్రస్ చివర ప్రభుత్వ సైట్లకుండే డాట్ గవ్ కనిపిస్తే నిశ్చింత. కనిపించకపోతే కౌంటీ ఆఫీసుకు ఫోన్ చేసి, అది మీ సైటేనా అని అడిగి తెలుసుకోండి.

పాత లాయర్ ద్వారా తెప్పించుకోవడం ఇంకో దారి. లాయర్ ఫైల్లో ఉన్నది తరచూ మామూలు కాపీయే, సర్టిఫైడ్ కాపీకి వాళ్లూ ఆ క్లర్క్ దగ్గరికే మనిషిని పంపాలి. ఆ మనిషి గంటలకు బిల్లు మీకే వస్తుంది. కేసు గోప్యంగా ఉన్న రాష్ట్రంలోనో, ఫైలు ఎవరూ చూడకుండా కోర్టు మూసేసినప్పుడో తప్ప ఈ ఖర్చు అక్కర్లేదు.

ఇండియా నుంచి తెప్పించుకోవాలంటే

ఈ భాగం ముఖ్యంగా గుంటూరులోనో, వరంగల్‌లోనో, కడపలోనో పుట్టింట్లో ఉన్న ఆడపిల్లల కోసం. భర్త అమెరికాలో ఉండి విడాకులు తీసుకున్నాడు, కాగితాలు అతని దగ్గరే ఉన్నాయి, అడిగితే పంపడు లేదా ఏదో షరతు పెడతాడు. ఇలాంటప్పుడు అతన్ని బతిమాలాల్సిన పనే లేదు. ఆ కేసులో మీరు కూడా పార్టీ. ఆ తీర్పు మీద అతనికి ఎంత హక్కుందో మీకూ అంతే ఉంది. గోప్యత ఉన్న న్యూయార్క్‌లో కూడా మీరు సొంతంగా అడగొచ్చు. ఎక్కువ రాష్ట్రాల్లోనైతే ఇవి అసలు ఎవరైనా అడగదగిన పబ్లిక్ రికార్డులు.

అడ్డం వచ్చేది డబ్బు కట్టే పద్ధతి. చాలా ఆఫీసులు పోస్టులో పంపే దరఖాస్తుకు అమెరికా మనీ ఆర్డరో, కాషియర్స్ చెక్కో కావాలంటాయి. ఇండియా బ్యాంకు చెక్కు తీసుకోవు. అక్కడ ఉన్న బంధువులో, తెలిసిన అక్కో కౌంటీ ఆఫీసుకు వెళ్లి తీసుకుని కొరియర్ చేయడమే అన్నిటికన్నా తొందరగా అయ్యే పని. టెక్సాస్ లాంటి చోట వాళ్లకు మీ అధికార పత్రం కూడా అక్కర్లేదు, కేసు నంబరు చాలు. పంపించమన్నప్పుడు ఒకటి కాదు, రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు ఒకేసారి తీసుకోమనండి. ఒకటి అపోస్టిల్‌కు (కాగితం వేరే దేశంలో చెల్లేలా ప్రభుత్వం వేసే ధ్రువీకరణకు) పోతుంది, ఒకటి ఏదో ఆఫీసువాళ్లు ఉంచేసుకుంటారు, ఒకటి మీ బీరువాలో ఉండాలి.

సర్టిఫైడ్ కాపీ ఆగేచోటు

అమెరికాలో వాడటానికి క్లర్క్ సీలు సరిపోతుంది. ఇండియాలో చూపాలంటే దాని మీద అపోస్టిల్ కూడా వేయించాలి. విడాకులు ఏ రాష్ట్రంలో అయ్యాయో ఆ రాష్ట్ర ప్రభుత్వమే ఇది వేయాలి. డల్లాస్‌లో అయిన విడాకులకు మీరిప్పుడు న్యూజెర్సీలో ఉన్నా ఆస్టిన్‌కే పంపాలి. టెక్సాస్‌లో పత్రానికి 15 డాలర్లు, కాలిఫోర్నియాలో 20, న్యూయార్క్‌లో 10. ఆరోగ్యశాఖ లెటర్ మీద అపోస్టిల్ వేయించి డిక్రీ అనుకోవద్దు, ఎన్ని సీళ్లు పడినా అది లెటరే.

ఈ రెండో మెట్టు ఎందుకంత ముఖ్యమో 1991లో భారత సుప్రీంకోర్టు ఇచ్చిన ఒక తీర్పు చూస్తే తెలుస్తుంది. మన ప్రాంతపు కేసే. 1975లో తిరుపతిలో పెళ్లి జరిగింది. భర్త అమెరికా వెళ్లి మిస్సోరి రాష్ట్రంలో సెయింట్ లూయిస్ కౌంటీ కోర్టు నుంచి 1980లో విడాకులు తెచ్చుకుని, 1981లో యాదగిరిగుట్టలో మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య రెండో పెళ్లి నేరం కింద కేసు పెట్టింది. అతను చూపిన మిస్సోరి తీర్పు కాపీ మీద అక్కడి డిప్యూటీ క్లర్క్ ధ్రువీకరణ ఉంది. ఫొటోకాపీ అయినంత మాత్రాన చెల్లదనలేం, కానీ అమెరికాలోని భారత ప్రభుత్వ ప్రతినిధి ధ్రువీకరణ లేదు కాబట్టి సాక్ష్యంగా చెల్లదు అని సుప్రీంకోర్టు చెప్పింది. క్లర్క్ సీలు దాకా వచ్చి ఆగిన కాగితం అది.

అప్పటికి మనదేశం అపోస్టిల్ ఒప్పందంలో లేదు, 2005 జులై నుంచి ఉంది. ఇప్పుడు మామూలు అవసరాలకు అపోస్టిల్ చేయిస్తారు. కానీ ఇండియా కోర్టులో కేసు నడుస్తుంటే, ఇది చాలా, కాన్సులేట్ ధ్రువీకరణ కూడా కావాలా అని మీ లాయర్‌ను ముందే అడగండి. కాపీ తెప్పించకముందే అడగాలి, తరవాత కాదు.

అదే తీర్పు అంతకన్నా పెద్ద మాట ఒకటి చెప్పింది. హిందూ వివాహ చట్టం ప్రకారం జరిగిన పెళ్లిని విదేశీ కోర్టు ఆ చట్టంలో లేని కారణంతో, అవతలి మనిషి హాజరై ఒప్పుకోకుండా రద్దు చేస్తే ఇండియాలో అది చెల్లదు. అమెరికాలో సర్వసాధారణమైన 'సర్దుబాటు కుదరలేదు' అన్న కారణం మన చట్టంలో లేదు. ఇద్దరూ ఒప్పుకుని తీసుకున్న విడాకులకు ఈ చిక్కు తక్కువ. అందుకే ఇండియాలో వాడబోయేవాళ్లు డిక్రీ ఒక్కటే కాకుండా, అవతలివాళ్లు హాజరైనట్టో, అంగీకార పత్రం మీద సంతకం పెట్టినట్టో చూపే కాగితాల సర్టిఫైడ్ కాపీలు కూడా అదే ఫైలు నుంచి అప్పుడే తీసుకోవాలని నేను గట్టిగా చెబుతాను. కొన్ని డాలర్లు ఎక్కువవుతాయి. కానీ పదేళ్ల తరవాత ఆస్తి తగాదాలో రెండో పెళ్లి చెల్లదని ఎవరైనా లేవదీస్తే ఆదుకునేవి ఆ కాగితాలే.

కాపీ చేతికొచ్చాక

చివరి పేజీ ముందు చూడండి. క్లర్క్ ధ్రువీకరణ వాక్యం, తేదీ, డిప్యూటీ క్లర్క్ సంతకం, ఉబ్బెత్తు సీలో రంగు సీలో ఉండాలి. జడ్జి సంతకం ఉన్న పేజీ లోపల ఉందో లేదో చూడండి. పేజీలు లెక్కపెట్టండి. అన్నీ కలిపి కొట్టిన పిన్నులు మాత్రం తీయకండి. స్కాన్ చేయడానికి పిన్ను తీసి మళ్లీ కొడితే పక్కనే రంధ్రాలు కనిపిస్తాయి, పేజీ మార్చారేమోనని ఆ కాపీని తిప్పి పంపేస్తారు. స్కాన్ కావాలంటే పిన్నుతోనే పేజీ మడిచి ఫోన్‌లో ఫోటో తీసుకోండి.

తేదీలు శ్రద్ధగా చదవండి. కాలిఫోర్నియాలో తీర్పు నమోదైన తేదీ ఒకటి, పెళ్లి చట్టరీత్యా ముగిసిన తేదీ ఇంకొకటి ఉండొచ్చు. కేసు కాగితాలు అవతలివారికి అందాక కనీసం ఆరు నెలలు గడవాలి కాబట్టి ఈ తేడా వస్తుంది. ఎఫ్‌ఎల్-180 అనే ఫారంలో ఆ రెండో తేదీ విడిగా రాసి ఉంటుంది, మీ దరఖాస్తుల్లో వేయాల్సింది అదే. టెక్సాస్‌లో డిక్రీ వచ్చాక 30 రోజులు గడిస్తే తప్ప వేరేవాళ్లను పెళ్లి చేసుకోకూడదు, జడ్జి ప్రత్యేకంగా మినహాయిస్తే తప్ప. ముహూర్తం పెట్టుకునేముందు ఇది చూసుకోండి.

సంబంధం వాళ్లు అడిగినప్పుడు

పెళ్లి మాటల్లో 'కాగితాలు ఒకసారి వాట్సాప్ చేయండి' అంటారు. అడగడం న్యాయమే, ఎవరైనా అడగాలి కూడా. కానీ డిక్రీ మొత్తం పంపకండి. అందులో మీ పిల్లల పేర్లు, పుట్టిన తేదీలు, బ్యాంకు ఖాతాలు, ఇంటి అడ్రసు, ఎవరికి ఎంత ముట్టిందన్న లెక్కలు ఉంటాయి. సంబంధం కుదరకపోయినా ఆ పీడీఎఫ్ మాత్రం నాలుగు కుటుంబాల ఫోన్లలో మిగిలిపోతుంది.

ఇక్కడ చిన్న కాగితమే గెలుస్తుంది. న్యూయార్క్, ఫ్లోరిడా, వాషింగ్టన్ లాంటి రాష్ట్రాల్లో స్టేట్ సర్టిఫికెట్, టెక్సాస్‌లో 20 డాలర్ల వెరిఫికేషన్ లెటర్ చూపిస్తే విడాకులు అయ్యాయన్నది రుజువవుతుంది, మీ సంసారం సంగతులు మీ దగ్గరే ఉంటాయి. ఇంకా అనుమానం ఉంటే కౌంటీ పేరు, కేసు నంబరు ఇచ్చి వాళ్లనే చూసుకోమనండి. న్యూయార్క్‌లో అలా బయటివాళ్లు చూడటం కుదరదు కనుక, మాటలు ఖాయమయ్యాక పెద్దల ఎదుట సర్టిఫైడ్ కాపీని చేతికిచ్చి చదవనిచ్చి తిరిగి తీసుకోండి.